షూట్‌దా, మనదా?

మా పాపకి నాలుగేళ్లు నిండేసరికే ఒక ప్రశ్న అలవాటైపోయింది. ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకునేది. తర్వాత నా మొహంలోకి చూసి, "అమ్మా, ఇది షూట్‌దా, మనదా?" అని అడిగేది. షూట్‌ది అంటే అక్కణ్ణుంచి వెళ్లిపోయేది. మనదంటే చేతులు ముందుకొచ్చేవి. చూసినవాళ్లు "ఎంత బుద్ధిగా ఉంటుందండీ మీ అమ్మాయి" అనేవారు. నేనూ అదే అనుకున్నాను. పిల్ల మీద ఒక్క దెబ్బ వెయ్యకుండా ఇంత చక్కగా పెంచుకుంటున్నాను కదా అని సంతోషపడ్డాను కూడా.

నేను స్టైలిస్టుని. మనుషులకి జుట్టూ బట్టలూ సర్దే పని కాదు నాది, ఫోటోలో కనబడే వస్తువులు సర్దే పని. చీరల కాటలాగు తీస్తున్నారంటే ఆ అమ్మాయి వెనకాల ఏ తలుపుండాలి, పచ్చళ్ల ప్రకటన తీస్తున్నారంటే జాడీ పక్కన ఏ గిన్నె ఉండాలి, ఆ గిన్నె కింద పీట ఎన్నేళ్లు వాడినట్టు కనబడాలి, ఇవన్నీ నేను చూసుకోవాలి. కొత్త స్టీలు గిన్నె మీద లైటు పడితే జారిపోతుంది. పాత ఇత్తడి మీద పడితే నిలబడుతుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ పాత సామాను పిచ్చి. నాకైతే అది పనికంటే ముందే ఉంది. నిడదవోలులో అమ్మమ్మ ఇంటి అటక మీద చీకట్లో చేతులతో తడిమి ఉగ్గుగిన్నెలూ, ఇత్తడి తాళాలూ, మూతల్లేని బరిణెలూ దింపుకునేదాన్ని. అజ్జరం నుంచి అమ్మమ్మ పెళ్లికి వచ్చిన గంగాళం ఒకటుండేది. దానిలో కూర్చుంటే నేను పూర్తిగా పట్టేదాన్ని.

హైదరాబాదులో నా అటక జుమేరాత్ బజార్. జుమేరాత్ అంటే ఉర్దూలో గురువారం. పురానాపూల్ వంతెన దగ్గర ప్రతి గురువారం పాత సామాను నేల మీద పరుస్తారు. ఆ వంతెన 1578లో కట్టింది, చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. తెల్లారకముందే వెళ్లాలి. ఏడు దాటితే మంచివన్నీ దుకాణాల వాళ్లు ఎత్తుకుపోతారు. ఫోను లైటు వేసుకుని, గోనెపట్టాల మధ్య వంగి నడుస్తుంటే, తుప్పు పట్టిన గొళ్లేలూ, ఆగిపోయిన గడియారాలూ, కాళ్లు విరిగిన స్టూళ్లూ, ఎవరో ముసలమ్మ పోయాక కొడుకులు తూకానికి అమ్మేసిన వంటింటి సామానూ కనబడతాయి. వాటిలో ఒక్కటి మనకోసం ఉంటుంది. దాని మీద చూపు పడగానే మొహంలో ఏమీ తెలియనివ్వకుండా పక్కనున్న పనికిరాని వస్తువు ధర అడగాలి. ఈ ఓపిక నాకు పదేళ్లకి వచ్చింది.

వచ్చింది ఓపికే కాదు, చదువు కూడా. గిన్నె అంచు మీద గోటితో కొడితే ఇత్తడైతే పొడిగా పలుకుతుంది, కంచైతే మోత సాగుతుంది. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. రవివర్మ లక్ష్మీ, సరస్వతీ పటాలు ఎక్కడ చూసినా దొరుకుతాయి. 1894లో ముంబైలో ఆయన పెట్టించిన ప్రెస్సులో రాతి అచ్చు మీద తీసినవి వేరు, తర్వాత ఆఫ్‌సెట్‌లో తీసినవి వేరు. భూతద్దం పెట్టి చూస్తే రాతి అచ్చులో చుక్కలు చేత్తో చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి, ఆఫ్‌సెట్‌లో వరస తప్పవు. కారైకుడిలో మునీశ్వరన్ కోవెల వీధికి ఏడాదికోసారి వెళ్లి చెట్టియార్ల ఇళ్ల నుంచి బయటికొచ్చిన ఎనామెల్ పళ్లేలు తెచ్చుకునేదాన్ని. విగ్రహాల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు దాటిన వాటి విషయంలో చాలా గట్టిది. పైగా ఏ గుడి నుంచి వచ్చిందో తెలియని దేవుణ్ణి లైట్ల ముందు నిలబెట్టడానికి నాకు మనసొప్పదు.

ఇంత చదువుకున్నాను. ఆ చదువంతా కంటితో, చెవితో. వస్తువు ఎంత పాతది, ఎంత అందమైనది, ఎంత ధర పలుకుతుంది. దాన్ని రోజూ చేత్తో పట్టుకునే వాళ్లకి అది ఏం చేస్తుందన్న ప్రశ్న ఆ పదేళ్లలో ఒక్కసారీ నాకు తట్టలేదు.

పాప పుట్టినప్పుడు నాలుగు నెలలు పని మానేశాను. ఆ నాలుగు నెలల్లో నన్ను పిలిచేవాళ్లు సగానికి సగం తగ్గిపోయారు. మా రంగంలో కనబడకపోతే లేనట్టే. అయిదో నెలలో పాపని గుడ్డ ఉయ్యాలలో గుండెకి కట్టుకుని షూట్లకి వెళ్లాను. రెండో ఏడు దాటాక గురువారాలు జుమేరాత్‌కి కూడా వచ్చేది. మా ఆయన నైట్ షిఫ్టు చేసి తెల్లారాక వస్తారు కాబట్టి నిద్రపోయే మనిషి దగ్గర వదిలే కంటే నాతో తీసుకుపోవడమే మేలనిపించేది. ఎవరైనా "పనీ పిల్లా రెండూ ఎలా చూసుకుంటున్నారండీ?" అని అడిగితే నా దగ్గర తయారుగా ఒక జవాబుండేది. "పాపని పక్కన పెట్టి పని చెయ్యడం లేదండీ, పనిలోనే పెంచుతున్నాను" అనేదాన్ని. వింటున్నవాళ్ల కళ్లలో మెచ్చుకోలు కనబడేది. ఆ మెచ్చుకోలు కోసం ఇంకో రెండు మాటలు కలిపి చెప్పేదాన్ని.

అప్పటిదాకా సామాను పెట్టుకోవడానికి ఒక చిన్న గోడౌను ఉండేది. నెలకి తొమ్మిది వేలు. పాప ఖర్చులు పెరిగాక అది వదిలేసి, సామానంతా మా రెండు బెడ్‌రూముల ఫ్లాటులోకి తెచ్చేశాను. మొదట ఒక గది నిండింది. తర్వాత హాల్లో ఒక గోడ. తర్వాత బాల్కనీ. షూటుకి వెళ్లాల్సిన గాజు సీసా పగిలితే మూడు వేలు నా చేతి నుంచి పోతాయి. అందుకని పాపకి మాటలు పూర్తిగా రాకముందే "ముట్టుకోకమ్మా, అది షూట్‌ది" అన్న మాట వినబడడం మొదలైంది. రోజుకి ఎన్నిసార్లు అనేదాన్నో లెక్కలేదు.

ఒక సంక్రాంతి ముందు పిండివంటల షూట్ మా ఇంట్లోనే పెట్టుకున్నాం. అరిసెలు, సున్నుండలు, జంతికలు. అరిసె ఫోటోలో మెరవాలంటే సన్నటి బ్రష్‌తో నూనె పూస్తాం, నీటి చుక్క జారకుండా నిలవాలంటే గ్లిజరిన్ కలిపి చల్లుతాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పళ్లెం చుట్టూ పాప చేతులు వెనక్కి పెట్టుకుని తిరిగింది. అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. రాత్రి లైట్లు సర్దేశాక, అమ్మ విడిగా వండిన అరిసె ఒకటి చిన్న పళ్లెంలో పెట్టి పాప ముందుంచాను. తినలేదు. నా వైపు చూసింది. "ఇది మనదేనా?" అంది.

అమ్మ అప్పుడేమీ అనలేదు. పాప నిద్రపోయాక దుప్పటి సర్దుతూ, "సొంతింట్లో కూడా దానికి పరాయితనం నేర్పుతున్నావే" అంది. తిట్టినట్టు కాదు, బాధగా అంది. అందుకే రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత వచ్చిన గురువారం నేను షూటు కోసం వెతకలేదు. పాప కోసం వెతికాను. ఎప్పుడూ నాతో మాట్లాడే చాచా పట్టా మీద ఒక చెక్క గుర్రం కనబడింది. జానెడున్నర పొడుగు, కింద నాలుగు చక్రాలు, ఒకటి కొత్తగా మార్చినది. ఒళ్లంతా చిలకపచ్చ. జూలు చామంతి పసుపు. ఆ పసుపు సన్నగా నెర్రెలిచ్చి, ఎండిన చెరువు మట్టిలా గళ్లు గళ్లుగా ఉంది. అలాంటి నెర్రెల కోసం మేం కొత్త చెక్క మీద రోజుల తరబడి తంటాలు పడతాం. "బచ్చీకి తీస్కెళ్లమ్మా, సాడే తీన్ సౌ ఇవ్వు" అన్నాడు చాచా. బేరమాడకుండా 350 ఇచ్చి తెచ్చేశాను.

గుమ్మంలోనే పాప చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. "షూట్‌దా, మనదా?"

"మనదే."

"నాదా?"

"నీదే నాన్నా."

ఆ మొహం నేను మర్చిపోలేను. చేతులు ముందుకి రావడానికి కూడా ఒక క్షణం పట్టింది. ఆ రోజు నుంచి గుర్రం దాని పక్కలోనే పడుకుంది. అన్నం తినేటప్పుడు కంచం పక్కన. నిద్రలోకి జారుకునేటప్పుడు దాని చెవి పాప నోట్లో.

అదే నెలలో ఒక చీరల కాటలాగుకి పాతకాలపు కిటికీ రెక్కలు కావలసి వచ్చాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక జత దొరికింది. పైన నీలం, దాని కింద పసుపు, ఆ కింద తెలుపు. పైరంగు అక్కడక్కడా గీకితే కింది పొరలు కనబడి బాగుంటుంది. నాలుగు సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని ఉప్పుకాగితంతో రుద్దాను. నా ముక్కుకి చున్నీ కట్టుకున్నాను. పాప ఎక్కడుందో చెప్తాను. గడప మీద, గుర్రాన్ని ఒళ్లో పెట్టుకుని, నాకు రెండడుగుల దూరంలో. బాల్కనీ టైల్స్ మీద లేత పసుపు పొడి పలచగా పరుచుకుంటే, వంగి, చూపుడు వేలితో ఆ పొడిలో 'అ' దిద్దింది. అప్పుడే నేర్చుకుంటున్న అక్షరం. సాయంత్రపు ఎండ పక్కనుంచి పడుతోంది. పసుపు పొడి, అందులో చిన్న వేలు, వంకర 'అ'. నేను ఉప్పుకాగితం కింద పడేసి ఫోటో తీశాను. పదకొండు తీశాను, వెలుగు కుదిరేదాకా. తర్వాత చీపురుతో ఊడ్చేశాను. పాప వేలు నోట్లో పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

రెండు నెలలకి పాప మొహం పాలిపోయింది. అన్నం దగ్గర మారాం, పొట్ట నొప్పి, ఊరికే ఏడుపు. పిల్లల డాక్టరు గారు రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.9. ఐరన్ సిరప్ ఇచ్చారు. ఒక నెల వాడినా అనుకున్నంత పెరగలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ కలం పక్కన పెట్టి, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. కాటుక పెడుతున్నారా, ఇంట్లో చేసిందా కొన్నదా? పసుపు ఎక్కడ కొంటారు, విడి పసుపా? పాత ఇత్తడి గిన్నెల్లో వండుతారా? మట్టి తింటుందా? ఇంట్లో ఎవరైనా బ్యాటరీల పని చేస్తారా? అన్నిటికీ లేదు, లేదు అంటూ వచ్చాను. ఇత్తడి మాట వచ్చినప్పుడు కాస్త గట్టిగానే చెప్పాను. కళాయి పోయించకుండా ఇత్తడిలో పులుపు వండకూడదని, చిలుముతుందని మా అమ్మమ్మ చిన్నప్పుడే చెప్పిందండీ అన్నాను. అప్పుడావిడ అడిగారు. "మీరేం పని చేస్తారమ్మా?"

చెప్పాను. చెప్తూ చెప్తూ మధ్యలో నా గొంతు తగ్గిపోవడం నాకే తెలుస్తోంది. "పాత రంగులు గీకుతారా?" "గీకుతానండీ." "ఎక్కడ?" "ఇంట్లోనే."

రక్తంలో సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకి 14 మైక్రోగ్రాములు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 వచ్చినా ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. అసలు ఇంతవరకూ ఫర్వాలేదు అనే అంకె సీసం విషయంలో లేనే లేదు. రక్తహీనత సీసం వల్లే వచ్చిందని డాక్టరు గారు అనలేదు. ఇనుమూ కాల్షియం తక్కువున్న ఒంట్లోకి సీసం ఇంకా సులువుగా ఎక్కుతుందన్నారు. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుందన్నారు. ఎముకల్లోకి వెళ్లి కూర్చుంటుందన్నారు. ఈ అంకెకి మందులతో బయటికి లాగే వైద్యం అక్కర్లేదు, ఇంట్లోంచి దాన్ని తీసెయ్యడమే వైద్యం అన్నారు. నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

ఆటోలో పాప నా ఒళ్లో నిద్రపోయింది. నేను ఫోన్లో చదువుతూనే ఉన్నాను. పాతకాలపు పసుపు రంగుకి చాలాచోట్ల వాడింది లెడ్ క్రోమేట్ అనే రంగుపొడి, అంటే సీసం. ఆ పసుపులో నీలం కలిపితే చిలకపచ్చ. రంగు త్వరగా ఆరడానికీ, ఎండకీ వానకీ ఆగడానికీ కూడా సీసం కలిపేవారు. ఇళ్లకి వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకి 90 భాగాలు దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధన పెట్టారు, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని వెనకటి రంగులెలా ఉన్నాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. నా వృత్తి అంతా ఆ వెనకటి రంగుల్లోనే ఉంది. ఆ కిటికీ రెక్కలు చూపించి ఆ చీరల వాళ్లతో నేనన్న మాట గుర్తొచ్చింది. "మూడు పొరలండీ, అరవయ్యేళ్లు ఉంటాయి" అన్నాను, ఎంతో గొప్పగా.

అమ్మమ్మ ఇంట్లోనూ రంగు తలుపులున్నాయి, ఆకుపచ్చవి. అక్కడెవరికీ ఏమీ కాలేదే అని ఆ రాత్రి వాదించుకున్నాను, నాలో నేనే. కాలేదో అయిందో ఎవరు పరీక్ష చేయించారు? అదీగాక అక్కడ తలుపుకి పాతరంగు పైన కొత్తరంగు వేసేవాళ్లే తప్ప, ఫోటో కోసం కూర్చుని గీకిన వాళ్లు లేరు. గోడకో తలుపుకో గట్టిగా అంటుకుని ఉన్న రంగు వేరు, పొడి చేసి ఇల్లంతా పరిచిన రంగు వేరు. పొడి చేసింది నేను. ఊడ్చి మళ్లీ గాలిలోకి లేపిందీ నేనే.

మూడు రోజులు ఇల్లు కడిగాం. చీపురు పట్టుకోలేదు. తడిగుడ్డ, సబ్బునీళ్లు, బకెట్టు మారుస్తూ, కిటికీ అంచులూ, తలుపు సందులూ, మంచం కింద. పాపని అమ్మ ఊరికి తీసుకెళ్లింది. ఆయన సెలవు పెట్టి నాతో పాటు మోకాళ్ల మీద కూర్చుని తుడిచారు. రెండో రోజు రాత్రి బాల్కనీలో టైళ్ల మధ్య సందుల్ని పాత టూత్‌బ్రష్‌తో తోముతుంటే తడిలో సన్నటి పసుపు గీత తేలింది. నెలలు గడిచినా అక్కడే ఉంది. అప్పుడు ఏడ్చాను. ఆయన పక్కన కూర్చున్నారు కానీ ఊరడించలేదు. ఊరడించనందుకు ఇప్పటికీ ఆయనంటే గౌరవం.

సామానంతా మూసాపేట వైపు ఒక రేకుల గదికి మార్చేశాను. అద్దె ఎనిమిది వేలు. గోడౌను వదిలేసి నెలకి తొమ్మిది వేలు మిగిల్చానని లెక్క రాసుకున్న డైరీ ఆ సర్దుళ్లలో దొరికింది. ఆ పేజీ చింపలేదు.

పాప ఊరి నుంచి వచ్చింది. మొదటి మాట గుర్రం. మంచం మీద వెతికింది, మంచం కింద వెతికింది. నేను ఎదురుగా కింద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఆపేసింది.

"గుర్రం మనదే అన్నావుగా అమ్మా."

ఆ మాటకి నేను సిద్ధంగా లేను. షూట్‌ది అని ఎన్నో లాక్కున్నాను దాని దగ్గర్నుంచి, ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. మనది అని ఇచ్చిన ఒకే ఒక్కదాన్ని లాక్కుంటున్నాను. "మనదే నాన్నా. కానీ దాని ఒంటి మీది రంగు మంచిది కాదు. నీ పొట్ట నొప్పికి అది మంచిది కాదు. నాకు తెలీక తెచ్చాను" అన్నాను.

"నీకు తెలీదా?"

"తెలీదమ్మా."

చాలాసేపు నన్ను చూసింది. సామాన్ల గురించి అమ్మకి తెలియనిది ఒకటుంటుందని దానికి అదే మొదటిసారి వినడం.

మూడు నెలలకి రక్తంలో సీసం 9. తొమ్మిది నెలలు తిరిగేసరికి 5 లోపు వచ్చింది. హిమోగ్లోబిన్ కూడా పెరిగింది. తోటకూర, బెల్లం వేసిన రాగి జావ, నువ్వుండలు, భోజనంతో పాటు నిమ్మకాయో ఉసిరికాయో, గుడ్డు. చేతులు కడగడం ఇంట్లో ఒక పూజలా అయింది. పాప బాగుంది, చురుగ్గా ఉంది. లోపల ఏదైనా తగ్గిందా అన్నది ఏ పరీక్షా చెప్పదు. బళ్లో ఒక లెక్క రాకపోతే, పిల్లలందరికీ రాని లెక్కే అయినా, నా గుండె ఆగి కొట్టుకుంటుంది. ఇది నాతోనే ఉంటుంది.

ఇప్పుడు కూడా ఎవరో ఒకరు ఆ ప్రశ్న అడుగుతారు, పనీ పిల్లా రెండూ ఎలా అని. పనిలోనే పెంచుతున్నాను అని ఇప్పుడు అనను. నా పనికీ నా బిడ్డకీ మధ్య గోడ లేదని ఇన్నాళ్లూ మురిసిపోయాను. గోడ కావలసింది. మాటవరసకి అనడం లేదు, ఇటుకలతో కట్టిన గోడే కావలసింది. నాలాంటి వాళ్లు చాలామంది ఉన్నారు. ఇంట్లోనే బట్టలకి రంగులద్దేవాళ్లు, నగలకి టంకం పెట్టేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు, పిల్లలు పక్కనే ఆడుకుంటూ ఉంటారు. ఆ దృశ్యం ఎంతో ముచ్చటగా ఉంటుంది, ఫోటో తియ్యాలనిపిస్తుంది. ఫోటోలో దుమ్ము కూడా అందంగానే ఉంటుంది. కెమెరాకి నోరూ ముక్కూ లేవు. పదేళ్లుగా నేను ఇంటిని కెమెరాతోనే చూశాను. ఆ ఇంట్లో నా బిడ్డ వేళ్లతోనూ నోటితోనూ బతుకుతోంది.

రేకుల గదిలో పని బట్టలు వేరే ఉన్నాయి. అక్కడే మార్చుకుని, అక్కడే చెప్పులు వదిలి, తలస్నానం చేశాకే పాపని ఎత్తుకుంటాను. పాత రంగుని గీకడం పూర్తిగా మానేశాను. మొదట ఒక వడ్రంగికి ఇచ్చి గీకించుదామనుకున్నాను. ఆయన దగ్గర పన్నెండేళ్ల కుర్రాడు సాయం చేస్తున్నాడు. నా ఇంట్లోంచి తీసి వాడి ముక్కులో పెట్టడమే కదా అది. ఇప్పుడు కొత్త చెక్క తీసుకుని, సీసం లేని నీళ్ల రంగు ఒక పొర వేసి, ఆరాక మైనం ముక్కతో అక్కడక్కడా రుద్ది, దాని మీద ఇంకో రంగు వేస్తాను. మైనం ఉన్నచోట పైరంగు పట్టదు. తడిగుడ్డతో గట్టిగా తుడిస్తే పెచ్చులూడినట్టు వస్తుంది. పాత తలుపు ఇచ్చే లోతు రాదు. ఒకరిద్దరు ఆ తేడా పట్టుకుని వేరే వాళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లనిచ్చాను. గురువారాలు మానలేదు. మానలేను. ఒక్కదాన్నే వెళ్తాను, ఇత్తడీ కంచూ గాజూ మాత్రమే పట్టుకుంటాను. సబ్బుతో రెండుసార్లు తోమాక అవి షెల్ఫు మీదికెళ్తాయి, కంచంలోకి రావు.

చాచాకి చెప్పాను. చెప్పకపోతే తప్పనిపించింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. పాప ఎలా ఉందని మూడుసార్లు అడిగాడు. ఆ తర్వాత తన వెనక గోనెల కుప్ప మీద కూర్చుని తుప్పు మేకులు వేరు చేస్తున్న ఇద్దరు పిల్లల వైపు చూశాడు. "మా మనవలు ఈ సామాను మీదే పుట్టి పెరిగారమ్మా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నా బిడ్డకి పరీక్ష చేయించుకోగలిగాను, ఇల్లు మార్చినట్టు గది మార్చుకోగలిగాను. ఆ ఇద్దరి పరీక్షకీ డబ్బులు కడతాను చాచా అన్నాను. వాళ్ల నాన్నని అడిగి చెప్తానన్నాడు. ప్రతి గురువారం అడుగుతున్నాను. ఇంకా చెప్పలేదు. ఈలోపు సబ్బులూ, నీళ్ల డబ్బా ఒకటీ ఆ పట్టా పక్కన పెట్టి వస్తున్నాను. పిల్లలిద్దరూ ఇప్పుడు నన్ను చూడగానే చేతులు కడుక్కుంటారు. నేను వచ్చేశాక కడుక్కుంటున్నారో లేదో.

గుర్రాన్ని ఏం చెయ్యాలో చాలాకాలం తేలలేదు. చెత్తబండిలో వేస్తే ఎవరో ఏరతారు, ఏరినది మళ్లీ ఏదో ఒక గురువారం పట్టా మీదికి వస్తుంది, ఇంకో అమ్మ ఇంకో బిడ్డ కోసం కొంటుంది. కాలిస్తే పొగలోకి పోతుంది. చివరికి రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, టేపు వేసి, మీద పెద్ద అక్షరాలతో 'సీసం' అని రాసి, రేకుల గదిలో పైన అటక మీద పెట్టాను. పాపకి ఇప్పుడు ఆరేళ్లు, చదవడం వచ్చేసింది. ఒకసారి ఆ గది చూస్తానని పట్టుబడితే గుమ్మం బయటే నిలబెట్టి చూపించాను. చేతులు వీపు వెనక్కి పెట్టుకుని, మెడ చాపి, పైన కవరు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "మనదే కదా అది" అంది.

"మనదే" అన్నాను.